ఎక్కడ పెట్టి కొలిచారు?

ఏప్రిల్ చివరి వారం, మధ్యాహ్నం రెండు దాటింది. ఖరగ్‌పూర్‌లో ఖరిదా రైలు గేటు పడింది. స్కూటరు మీద ఆగినవాడి ఫోను 39 డిగ్రీలంటోంది. అవతల పట్టా పక్కన కూర్చున్న గ్యాంగ్‌మన్ ముందున్న రైలు థర్మామీటరు 58 చూపిస్తోంది. దగ్గర్లో రేకుల ఇంటి గోడకు తగిలించిన థర్మామీటరు 43 దగ్గర ఉంది. వేసవి పొడుగునా ఖరిదాలో ఇలాంటి మధ్యాహ్నాలే. ఈ మూడింటిలో ఏది నిజమని అడిగితే, మూడూ నిజమే. థర్మామీటరుకు తెలిసేది తన బుడ్డి ఎంత వేడెక్కిందన్నది మాత్రమే. ఆ బుడ్డిని దేనికి ఆనించాం, దేని నుంచి కాచాం, నేలకు ఎంత ఎత్తున ఉంచాం, ఏ గంటకు చూశాం అనేవి మనుషులు పెట్టే షరతులు. వాతావరణం కొలిచే పరికరాల గురించి మాట్లాడేటప్పుడు గాజు, పాదరసం, గిన్నెల గురించి చాలా చెబుతాం. ఈ షరతుల గురించి చెప్పం. నా దృష్టిలో సగం శాస్త్రం అక్కడే ఉంది.

పట్టాతోనే మొదలుపెడదాం, ఈ ఊరు పుట్టిందే దాని వల్ల గనక. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడి వర్క్‌షాపులో, యార్డులో, లైన్ల మీద పనికి కుదిరారు. ఖరిదా, మథురాకాటి, నింపురా లాంటి పేటల్లో స్థిరపడ్డారు. లైను మీద పనిచేసినవాళ్లు ఎండను డిగ్రీల్లో కంటే టన్నుల్లో ఎరుగుదురు. ఉక్కు వేడెక్కితే సాగుతుంది. కిలోమీటరు పొడవున్న పట్టాను స్వేచ్ఛగా వదిలేస్తే 30 డిగ్రీల వేడికి దాదాపు 35 సెంటీమీటర్లు పెరుగుతుంది. పూర్వం దానికోసం పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలేవారు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవున వెల్డింగు చేసి ఒకే పట్టాగా వేస్తున్నారు. సాగడానికి చోటు లేదు, స్లీపర్లూ కంకరా గట్టిగా పట్టి ఉంచుతాయి. సాగలేకపోయిన ఉక్కులో ఆ వేడి ఒత్తిడిగా మారుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో ఒక్క డిగ్రీ పెరిగితే సుమారు 1.85 టన్నుల తోపుడు పుడుతుంది. 20 డిగ్రీలు పెరిగితే ఒక్కో పట్టాలో 37 టన్నులు. కంకర పట్టు సడలిన చోట ఆ బలం పట్టాను పక్కకు మెలితిప్పేస్తుంది.

అందుకని పట్టాలు బిగించేటప్పుడు వాటిలో ఏ ఒత్తిడీ లేకుండా ఉండే ఒక ఉష్ణోగ్రతను నిర్ణయించుకుంటారు. పట్టా వేడి దాన్ని 20 డిగ్రీలు దాటితే లైను మీద వేసవి గస్తీ మొదలవుతుంది. ఈ నిర్ణయానికి గాలి ఉష్ణోగ్రత పనికిరాదు. ఎండకు కాలిన పట్టా గాలి కంటే 20 డిగ్రీల దాకా ఎక్కువ వేడిగా ఉండగలదు. కాబట్టి ఉక్కునే కొలవాలి. అయస్కాంతంతో పట్టా నడుముకు అతుక్కునే గుండ్రటి డయల్ థర్మామీటరు ఒక రకం. దాన్ని పట్టాకు నీడపడే వైపు అంటించాలి, లేకపోతే సూర్యుడు పట్టాతో పాటు డయల్‌ని కూడా కాలుస్తాడు. ఇంకో రకం నాకు మరీ ఇష్టం. చిన్న పట్టా ముక్కకు రంధ్రం చేసి, అందులో పాదరసం పోసి, థర్మామీటరు దింపుతారు. ఆ ముక్కను లైను పక్కనే, అదే ఎండలో, దాదాపు అరగంట ఉంచి చూస్తారు. లైనులో ఉన్న పట్టాకు ఏం జరుగుతోందో ఈ ముక్కకూ అదే జరుగుతుంది. ఏది తెలుసుకోవాలో స్పష్టంగా తెలిసినవాళ్లు తయారుచేసిన పరికరం అది.

ఇక గాలి వేడి. వాతావరణ శాఖకు కావలసింది ఇదే, దీన్ని కొలవడం పట్టాను కొలవడం కంటే కష్టం. గాలి పలచన, పారదర్శకం. ఎండ గాలిని దాటుకుపోయి థర్మామీటరు గాజును వేడి చేస్తుంది. నేల నుంచి, గోడల నుంచి వచ్చే వేడి కూడా అంతే. అందుకే 1860ల్లో స్కాట్లండ్ దీపస్తంభాల ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ ఒక చెక్కపెట్టె రూపొందించాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రచయితకు ఆయన తండ్రి. తెల్లరంగు వేసిన పెట్టె, నాలుగు వైపులా వాలు చెక్కల కిటికీలు, గాలి ఆడుతుంది, ఎండ పడదు. కాళ్ల మీద నిలబెడతారు, లోపలి బుడ్డి నేలకు సుమారు 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల లోపు ఎత్తులో ఉండాలి. కింద సిమెంటు గాని తారు గాని కాకుండా గడ్డి నేల ఉండాలి. తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి, చదివేటప్పుడు ఎండ లోపలికి రాకుండా. ఖరగ్‌పూర్ కర్కటరేఖకు కొంచెం దక్షిణాన ఉంది. అందువల్ల జూన్ మొదటి వారం నుంచి జూలై రెండో వారం దాకా ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అయినా దాదాపు తలమీదే గనక పెట్టె పైకప్పు కాచుకుంటుంది.

ఆ పెట్టెలో నాలుగు థర్మామీటర్లుంటాయి. రోజులో అత్యధిక వేడిని చూపే పాదరసం గొట్టంలో బుడ్డి దగ్గర ఒక సన్నటి ఇరుకు ఉంటుంది. వేడికి పాదరసం దాన్ని తోసుకుని పైకి పోతుంది, చల్లబడ్డాక వెనక్కి రాలేదు, పైనే ఆగి సాయంత్రం చదివేవాడికి మధ్యాహ్నపు శిఖరాన్ని చూపిస్తుంది. అత్యల్పాన్ని చూపేదాంట్లో పాదరసం బదులు ఆల్కహాలు, అందులో ఒక చిన్న గాజు పుల్ల. ద్రవం ముడుచుకునేటప్పుడు పుల్లను తనతో లాక్కుపోతుంది, సాగేటప్పుడు దాన్ని వదిలి పక్క నుంచి పోతుంది. తెల్లవారుజామున ఎవరూ మేలుకోనక్కర్లేదు.

మిగిలిన రెండింటిలో ఒకటి పొడిది, ఒకటి తడిది. తడి బుడ్డికి పలచటి మస్లిన్ గుడ్డ చుట్టి, దాని కొసను నీళ్లలో ఉంచుతారు. నీరు ఆవిరవుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరవుతుంది, రెండింటి మధ్య తేడా అంత పెరుగుతుంది. ఖరిదాలో ఉండేవాళ్లకు ఈ తేడా ఒంటితోనే తెలుసు. పడమటి నుంచి, ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీదుగా వచ్చే గాలి రోజున పొడిది 38, తడిది 22 చూపిస్తే గాలిలో తేమ పాతిక శాతం లోపే. పెదాలు పగులుతాయి, బట్టలు గంటలో ఆరుతాయి. గాలి దక్షిణానికి తిరిగి బంగాళాఖాతం మీద నుంచి వచ్చిన రోజున పొడిది 36, తడిది 28. తేమ 55 శాతం చుట్టూ. పొడి థర్మామీటరు రెండు డిగ్రీలు తగ్గింది, మనిషికి మాత్రం ఊపిరాడదు, చెమట ఆరదు. ఆ తేడాను చెప్పేది తడి గుడ్డ చుట్టిన బుడ్డి. గుడ్డ మురికిపట్టినా, నీళ్లలో ఉప్పు ఉన్నా అది తప్పు చెబుతుంది. అందుకే శుద్ధమైన నీరు పోసి, గుడ్డను తరచూ మారుస్తారు. రైళ్ల పొగ, లారీల దుమ్ము ఉన్న చోట ఈ పని ఇంకా శ్రద్ధగా చెయ్యాలి.

ఈ రెండు గాలుల సంగతి గుర్తుంచుకోండి. బెంగాల్ వేసవి గాలివాన కాల్‌బైశాఖి వాటి నుంచే పుడుతుంది.

వాన కొలత చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ధాన్యాగారం ముందు వాన కొలిచే పాత్ర ఉంచాలని ఉంది. మన రైతులు నేలలో తడి ఎంత లోతుకు దిగిందో చూసి పదును లెక్క చెప్పేవాళ్లు. దుక్కికి ఆ లెక్క చాలు, ఇసుక నేలకూ ఎర్రమట్టికీ పోల్చి చూడాలంటే మాత్రం కుదరదు. వానమాపకం నేలను లెక్కలోంచి తీసేసి, ఆకాశం నుంచి పడ్డదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మన దేశంలో ఎక్కువకాలం వాడిన సైమన్స్ వానమాపకం మూతి 127 మిల్లీమీటర్ల వ్యాసం. మూతి అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మరీ కిందుంటే చినుకులు నేల తాకి చిట్లి లోపల పడతాయి, మరీ పైనుంటే గాలి చినుకుల్ని మూతి దాటించి తీసుకుపోతుంది. చుట్టుపక్కల ఇల్లో చెట్టో ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండు రెట్ల దూరంలో పాతాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే యాభై చదరపు మీటర్ల రేకుల కప్పు మీద వెయ్యి లీటర్లు దిగినట్టే, ఆ నీళ్లన్నీ ఖరిదా సందుల్లోనే పోవాలి.

లెక్క ఉదయం 8:30కి కడతారు. నిన్న 8:30 తర్వాత ఇవాళ 8:30 దాకా పడినదంతా ఇవాళ్టి వాన. నిన్న సాయంత్రం తడిసిన మనిషి పేపర్లో ఇవాళ్టి తేదీ పక్కన ఆ వానను చూసి తికమకపడతాడు. తికమక అవసరం లేదు, దేశమంతటా అదే గంట.

గాలికి రెండు పరికరాలు. దిక్కు చెప్పే సూచి గాలి ఎక్కడి నుంచి వస్తోందో చూపిస్తుంది, ఎటు పోతోందో కాదు. వేగాన్ని చెప్పేది తిరిగే గిన్నెల అనిమోమీటరు. 1846లో ఐర్లండ్‌కు చెందిన రాబిన్సన్ నాలుగు గిన్నెలతో చేశాడు, తర్వాత కెనడాలో ప్యాటర్సన్ మూడు గిన్నెలు మేలని తేల్చాడు. గిన్నె లోతట్టు వైపు గాలి ఒత్తిడి ఎక్కువ, బోర్లా వైపు తక్కువ, ఆ తేడాకే చక్రం తిరుగుతుంది. నేల దగ్గర చెట్లూ గోడలూ గాలిని కోసేస్తాయి గనక, ప్రపంచమంతా ఒప్పుకున్న ఎత్తు 10 మీటర్లు. రైలువాళ్లకు మాత్రం ఇక్కడా తమదైన అవసరం ఉంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే బోగీ పక్కన పడే ఒత్తిడి నాలుగింతలు. పాంబన్ పాత వంతెన వాడుకలో ఉన్న రోజుల్లో, దాని మీద గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎరుపు చూపి రైలును ఆపింది ఆ లెక్కతోనే.

బారోమీటరు కథ వేరు. అది మన ఒంటికి తెలియనిదాన్ని కొలుస్తుంది. సముద్రమట్టంలో గాలి బరువు వల్ల కలిగే ఒత్తిడి సగటున 1013 హెక్టోపాస్కల్స్. పైకి ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, అంటే మూడంతస్తుల మేడ మెట్లెక్కినా పరికరానికి తెలిసిపోతుంది. ఉష్ణమండలంలో ఒత్తిడికి రోజూ ఆటుపోట్లు ఉన్నాయి. పొద్దున పదికి, రాత్రి పదికి పెరుగుతుంది, తెల్లవారుజాము నాలుగుకి, సాయంత్రం నాలుగుకి తగ్గుతుంది. రెండు మూడు హెక్టోపాస్కల్స్ తేడా. ఆ లయ తెలియనివాడు సాయంత్రం బారోమీటరు చూస్తే తుఫాను వస్తోందని భయపడతాడు. తెలిసినవాడు లయ తప్పిందా అని చూస్తాడు.

ఆ లయ తప్పడాన్ని ఎవరూ కూడబలుక్కుని గమనించకపోవడం ఎంత ఖరీదైన లోపమో 1864 చూపించింది. అక్టోబర్ 5న కలకత్తాను తుఫాను ముంచింది. నెల తిరక్కుండానే, నవంబర్ 1న, మచిలీపట్నం మీద ఉప్పెన పడింది. అక్కడ ముప్పై వేల మంది పోయారని అంచనా. ఒకే బంగాళాఖాతం, ఒక ఒడ్డున బెంగాలీలు, ఒక ఒడ్డున తెలుగువాళ్లు. మరుసటి ఏడు కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు వచ్చింది, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అంతకు ముందు బెంగాల్ వాతావరణ లెక్కలు చూసినవాడే. తెలుగు తీరంలో పరికరాల సంప్రదాయం అప్పటికే ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంతంగా వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు అక్కడ గ్రహాలూ నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ కొలిచి లెక్కలు రాయించాడు. ఖరిదా తెలుగువాళ్ల తాతముత్తాతలు రైలెక్కింది ఆ తీరం నుంచే. మనం నర్సింగరావు పేరు పిల్లలకు చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

బ్లాన్‌ఫర్డ్ కాలం నుంచీ పెద్ద చిక్కు ఒకటే: కలకత్తా బారోమీటరు 1004 అన్నా, విశాఖది 1004 అన్నా రెండూ ఒకే మాట చెబుతున్నాయా? పరికరాలు ఒకే కొలతల్లో తయారై, ఒకే ప్రామాణిక పరికరంతో సరిచూసి ఉంటేనే అవును. 1948లో పుణె వాతావరణ కార్యాలయంలో చేరిన అన్నా మణి ఈ పనికి జీవితం ధారపోసింది. దిగుమతుల మీద బతుకుతున్న దేశంలో దాదాపు వంద పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు గీయించి, ఇక్కడే తయారయ్యేలా చేసింది. తప్పు కొలత చూపే పరికరం ఉండటం కంటే అసలు పరికరం లేకపోవడమే మేలన్నది ఆమె పట్టుదల.

ఇప్పుడు కాల్‌బైశాఖి. మార్చి నుంచి మే దాకా బెంగాల్‌ను ఊపేసే ఈ గాలివానే, ఇప్పటిదాకా చెప్పిన కొలతలన్నీ ఎక్కడ చాలవో చూపిస్తుంది. కింద బంగాళాఖాతం నుంచి వచ్చిన తడి గాలి, దాని మీద పడమటి నుంచి వచ్చిన పొడి గాలి. నేల కాలి, అడుగున గాలి తేలికపడి పైకి చీల్చుకుపోయే దాకా పైపొర మూతలా ఆపుతుంది. చీల్చుకున్నాక మేఘం గంటలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. దాని నుంచి దిగే వానలో కొంత దారిలోనే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. ఆ బరువైన చల్లగాలి నేల మీద పడి ముందుకు పరుగెత్తుతుంది. ఖరిదాలో వాయవ్యం నల్లబడటం, ఎర్రదుమ్ము లేవడం, రేకులు మోగడం మనకు కనిపించే భాగం. పరికరాల్లో కనిపించేది: కొన్ని నిమిషాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా కుప్పకూలుతుంది, తేమ ఎగబాకుతుంది, గాలి దిక్కు మారుతుంది, ఒత్తిడి తగ్గడానికి బదులు ఒక్కసారిగా లేస్తుంది. చల్లగాలి బరువు అది.

ఇదంతా సాయంత్రం ఆరున్నరకు జరిగి ఏడుకు ముగిస్తే, ఉదయం 8:30కి పెట్టె తలుపు తీసే మనిషికి ఏం దొరుకుతుంది? వానమాపకంలో పద్దెనిమిది మిల్లీమీటర్లు. అంతే. అందుకే రాసుకుపోయే పరికరాలు వచ్చాయి. గడియారం తిప్పే డోలుకు గీతల కాగితం చుట్టి, కలం ఆనించి పెట్టిన థర్మోగ్రాఫు, బారోగ్రాఫు. ఆ కాగితం మీద కాల్‌బైశాఖి ఒక నిట్టనిలువు గీత. ఇప్పుడు స్వయంచాలక కేంద్రాల్లో ఈ పని ఎలక్ట్రానిక్ సెన్సర్లు చేస్తున్నాయి. చిన్న తొట్టెల జంట నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడే వానమాపకం, ఎన్ని నిమిషాల్లో ఎంత కురిసిందో కూడా చెబుతుంది. విసురు గాలులన్నీ ఒక్కటి కావు గనక వాటికి నిర్వచనమూ ఉంది. గాలి వేగం అకస్మాత్తుగా గంటకు 29 కిలోమీటర్లైనా పెరిగి, 40 దాటి, ఒక నిమిషమైనా నిలిస్తేనే దాన్ని స్క్వాల్‌గా నమోదు చేస్తారు.

ఈ గాలివానల మీద మౌలికమైన పని చేసినవాళ్లలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నాడు. గంగాతీర పశ్చిమ బెంగాల్‌లో రుతుపవనాలకు ముందు వచ్చే ఉరుముల వానలు ఏ పరిస్థితుల్లో పుడతాయో పి. కోటేశ్వరం, వి. శ్రీనివాసన్‌తో కలిసి 1958లో వివరించాడు. కింది పొరల్లో గాలులు కలుసుకునే చోట, పైన గాలులు విడిపోయే పరిస్థితి తోడైతేనే ఇవి విజృంభిస్తాయని ఆయన చూపించాడు. వేసవిలో భారతదేశం మీద ఎత్తున వీచే తూర్పు జెట్ గాలిని వెలికితీసిన కోటేశ్వరమే ఈయన. తర్వాత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు.

మరి గాలి అడుగు పొరలో, మనం పీల్చే ఆ కొన్ని పదుల మీటర్లలో, ఏం జరుగుతోంది? ఆ ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లలో ఖరగ్‌పూర్ ఒకటి. 1990 వర్షాకాలంలో మాంట్‌బ్లెక్స్ అనే జాతీయ ప్రయోగం జరిగింది. రుతుపవన ద్రోణి పొడవునా జోధ్‌పూర్, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూర్‌లలో 30 మీటర్ల స్తంభాలు నిలిపారు. జోధ్‌పూర్ ఎండిన కొస, ఖరగ్‌పూర్ తడి కొస. స్తంభం మీద 1, 2, 4, 8, 15, 30 మీటర్ల ఎత్తుల్లో పరికరాలు. ఈ అంకెలు సమాన దూరాల్లో లేవు. గాలి వేగం నేల దగ్గరే వేగంగా మారుతుంది, పైకి పోయేకొద్దీ మార్పు మందగిస్తుంది, అందుకే కింద దగ్గరదగ్గరగా కొలవాలి. తిరిగే భాగాలే లేని సోనిక్ అనిమోమీటరు కూడా ఇక్కడ పనిచేసింది. రెండు బిందువుల మధ్య శబ్దాన్ని అటూ ఇటూ పంపి, ప్రయాణ కాలంలోని తేడా నుంచి గాలి వేగం తీస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది గనక, చిన్న సుడులు నేల నుంచి వేడినీ ఆవిరినీ ఎంత మోసుకుపోతున్నాయో లెక్కించవచ్చు. గిన్నెలకు అంత చురుకు లేదు. ఆ ప్రయోగంలోనే శబ్దాన్ని ఆకాశంలోకి పంపి ప్రతిధ్వని వినే సోడార్‌ను కూడా ఖరగ్‌పూర్‌లో నడిపారు.

2006 నుంచి ఉరుముల వానల మీదే ప్రత్యేకంగా స్టార్మ్ అనే కార్యక్రమం సాగింది. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆవరణలో 50 మీటర్ల స్తంభం నుంచి వచ్చిన కొలతలతో భీష్మ త్యాగి, ఎ.ఎన్.వి. సత్యనారాయణ లాంటి పరిశోధకులు గాలివాన వచ్చే రోజుకూ రాని రోజుకూ అడుగు పొరలో తేడా ఏమిటో పరిశీలించారు. పైపొరల సంగతి బెలూన్లు చెబుతాయి. మామూలుగా పొద్దున 5:30కి, సాయంత్రం 5:30కి వదులుతారు, ముప్పై కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి పగులుతాయి. మూత బద్దలయ్యే క్షణం ఆ పన్నెండు గంటల సందులోనే ఉంటుంది. ఆ లోటును కొంత కోల్‌కతా డాప్లర్ రాడార్ తీరుస్తుంది. వాన చినుకుల నుంచి తిరిగొచ్చిన తరంగాల్లో మార్పు చూసి అవి దగ్గరవుతున్నాయో దూరమవుతున్నాయో చెబుతుంది. అయితే భూమి వంపు వల్ల, కిరణాన్ని కొంచెం పైకెత్తి పంపడం వల్ల, నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఖరగ్‌పూర్ మీద ఆ కిరణం కిలోమీటరుకు పైగా ఎత్తున పోతుంది. నేల మీద ఏం పడిందో నేల మీదే కొలవాలి.

నా కోరిక ఇక్కడ చెప్పేస్తాను. కాల్‌బైశాఖి వాన ఇరుకు, ఐఐటీ వైపు దంచికొట్టి ఖరిదాలో దుమ్ము మాత్రమే రేపిన సాయంత్రాలు ఈ ఊరికి కొత్త కాదు. కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న వానమాపకం ఖరిదా తరఫున మాట్లాడలేదు. ఇక్కడి బడుల్లో ఒక్కదాని ఆవరణలో వానమాపకం పాతి, పిల్లల చేత రాయిస్తే చాలు, ఖరిదాకు తన సొంత లెక్క ఉంటుంది. నిటారు గోడలున్న, మూతి ఎంతో అడుగూ అంతే ఉన్న పాత్రతో కూడా మొదలుపెట్టవచ్చు, అందులో నిలిచిన నీటి లోతే వాన. రోజూ 8:30కి చదవాలి, ఆదివారమూ పూజా సెలవుల్లోనూ. వాన లేని రోజున 0.0 అని రాయాలి. గిన్నె తడిసి కొలవడానికి చాలకపోతే జాడ అని రాయాలి. చదవడం కుదరని రోజున గడి ఖాళీగా వదలాలి, సున్నా పెట్టకూడదు. మొదటి గాలివాన మార్చిలోనే రావచ్చు గనక, ఫిబ్రవరి లోపే పాత్రను పాతుకోవడం మంచిది.